ఇన్‌క్రెడిబుల్స్ 2: సీన్లన్నీ బాగున్నా వెలితి ఎందుకు?

అడిగిన ప్రశ్న ఇది: "ఇన్‌క్రెడిబుల్స్ మొదటి భాగం నాకు ప్రాణం. రెండో భాగం చూస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాను, కానీ అయిపోయాక మనసులో ఏమీ మిగల్లేదు. లోపం సినిమాలో ఉందా, నేనే మరీ ఎక్కువ ఆశించానా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్లకు చూపించొచ్చా?"

లోపం సినిమాలోనే ఉంది. మీరు ఎక్కువేమీ ఆశించలేదు. అలాగని అది చెడ్డ సినిమా కూడా కాదు. విడివిడిగా చూస్తే 2010ల్లో వచ్చిన యానిమేషన్ సినిమాల్లోకెల్లా మంచి సీన్లు కొన్ని ఇందులోనే ఉన్నాయి. తేడా కొట్టింది వాటిని కలిపిన తీరులో. నేను చాలాకాలంగా యానిమేషన్ కథా విభాగంలో పనిచేస్తున్నాను. స్టోరీబోర్డులు గీయడం, వాటిని వరసగా పేర్చి రీల్ కట్ చేసుకోవడం, అది చూసి సగం అవతల పారేయడం, ఇదే నా పని. అందుకని కాస్త వివరంగానే రాస్తాను. రెండు సినిమాల కథ మొత్తం బయటపెట్టేస్తున్నాను కాబట్టి, ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ముందు మొదటి భాగం సంగతి. దాన్ని సరిగ్గా పట్టుకుంటే రెండో దాంట్లో ఏం తగ్గిందో దానంతటదే తెలుస్తుంది.

2004 నవంబరులో వచ్చింది ఆ సినిమా. అప్పటికింకా ఐరన్ మ్యాన్ రాలేదు, అది 2008లో గానీ రాలేదు. రెండు నెలలకో సూపర్‌హీరో సినిమా చూసే అలవాటు జనానికి లేదు. రాసి తీసిన బ్రాడ్ బర్డ్ ఎంచుకున్న పరిస్థితి చాలా మామూలుది. సూపర్‌హీరోల మీద కేసులు పడి, వాళ్లు ఆ పని మానేసి, మారుపేర్లతో బతకాల్సి వస్తుంది. ఒకప్పుడు మిస్టర్ ఇన్‌క్రెడిబుల్‌గా వెలిగిన బాబ్ ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో ఇరుకు క్యూబికల్‌లో కూర్చుని క్లెయిములు చూస్తుంటాడు. పొట్ట వచ్చింది, పాత రోజుల మీద బెంగ పోలేదు. ఉద్యోగం ఊడిన సంగతి భార్య హెలెన్‌కు చెప్పడు. రహస్యంగా మళ్లీ పాత పని మొదలుపెడతాడు, ఆఫీసు పని మీద ఊరెళ్తున్నానని అబద్ధం చెబుతాడు.

ఆ అబద్ధం ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. బాబ్ విలన్ ద్వీపంలో, అతని కంప్యూటర్ గదిలోకి దొంగతనంగా దూరి ఉంటాడు. సరిగ్గా అప్పుడే ఇక్కడ హెలెన్, భర్త ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి, సూపర్‌హీరోల సూట్లు కుట్టే ఎడ్నా ఇచ్చిన మీట నొక్కుతుంది. బాబ్ సూటులో దాచిన పరికరం కుయ్‌మంటుంది. ఆ చప్పుడుతోనే అతను దొరికిపోతాడు. అంటే మొగుడి అబద్ధం పెళ్లాం పట్టుకున్న క్షణమూ, హీరో శత్రువుకు చిక్కిన క్షణమూ ఒక్కటే. రెండింటికీ కలిపి ఒకే మీట. ఇల్లొక కథ, సాహసం ఇంకో కథ అని విడదీయడానికి సందే లేదు. మా పనిలో ఉన్నవాళ్లు ఈ సీన్‌ను కుళ్లుకుంటూ చూస్తారు. అంత ముడి ఇంత తేలిగ్గా పడటం ఎంత కష్టమో వాళ్లకు తెలుసు.

వెంటనే వచ్చే విమానం సీన్ కూడా అంతే. హెలెన్ భర్తను వెతుక్కుంటూ విమానంలో బయల్దేరుతుంది, పిల్లలు వయొలెట్, డాష్ దొంగతనంగా ఎక్కేసి ఉంటారు, కింది నుంచి క్షిపణులు వస్తాయి. తన శక్తితో విమానం చుట్టూ రక్షణ కవచం వేయమని తల్లి అరుస్తుంది. వయొలెట్ వల్ల కాదు. ఇన్నాళ్లూ శక్తులు వాడొద్దని పెంచిన తల్లే ఇప్పుడు వాడమంటోంది, ఆ పిల్లకు అలవాటు లేదు. ఇంటి పెంపకంలో ఉన్న చిక్కు ఇక్కడ ప్రాణాల మీదికి వస్తుంది. తర్వాత గుహలో తల్లి కూతురితో మాట్లాడటం, ఆ పిల్ల నెమ్మదిగా ధైర్యం తెచ్చుకోవడం, చివరికి మొహం మీద పడే జుట్టు వెనక్కి వెళ్లిపోవడం, ఇవన్నీ ఆ ఒక్క వైఫల్యంలోంచి పుట్టినవే.

ఇక రెండో భాగం, 2018 జూన్. నిజ జీవితంలో పద్నాలుగేళ్లు గడిచాయి, కథలో ఒక్క నిమిషం కూడా గడవలేదు. మొదటి భాగం ఆఖర్లో అండర్‌మైనర్ అనే విలన్ భూమిలోంచి పైకి వస్తాడు కదా, అక్కడి నుంచే మొదలు. కుటుంబమంతా కలిసి అతనితో తలపడతారు. డబ్బుతో వాడు పారిపోతాడు, నగరం మాత్రం ధ్వంసమవుతుంది. పోలీసులు వీళ్లనే పట్టుకుంటారు. ప్రభుత్వం ఇచ్చే ఆసరా కూడా ఆగిపోతుంది. మోటెల్ గదిలో ఐదుగురూ సర్దుకుంటున్న సమయంలో డెవర్ తోబుట్టువుల నుంచి పిలుపు వస్తుంది. కంపెనీ నడిపే విన్‌స్టన్‌కు సూపర్‌హీరోలంటే పిచ్చి, ఎవెలిన్ పరికరాలు తయారుచేస్తుంది. సూపర్‌హీరోలను మళ్లీ చట్టబద్ధం చేయించడానికి ప్రచారం చేద్దాం, అందుకు హెలెన్ ముందుండాలి, ఎందుకంటే బాబ్ ఎక్కడికెళ్తే అక్కడ ఆస్తి నష్టం ఎక్కువ అంటారు. ఆ మాట విన్నప్పుడు బాబ్ మొహం చూడాలి. యానిమేటర్లు ఆ ఒక్క మొహంలో అసూయ, అవమానం, బలవంతపు నవ్వు మూడూ పెట్టారు.

ఇంతవరకు అమరిక బ్రహ్మాండంగా ఉంది. భర్త ఇంట్లో, భార్య బయట. మొదటి భాగాన్ని తిరగేసినట్టుగా ఉంది. ఇక్కడి నుంచే కథ రెండు పట్టాల మీద పోతుంది.

మన సినిమా భాషలో చెప్పాలంటే బాబ్ ఇంట్లో పడే పాట్లన్నీ కామెడీ ట్రాక్ అయిపోయాయి. హెలెన్, తెరల ద్వారా జనాన్ని వశం చేసుకునే స్క్రీన్‌స్లేవర్ అనే విలన్‌ను వెంబడిస్తుంటుంది. బాబ్ డాష్‌కు లెక్కలు నేర్పుతూ, వయొలెట్ ప్రేమ గొడవ సర్దుతూ, చంటివాడు జాక్‌జాక్‌ను నిద్రపుచ్చుతూ ఉంటాడు. ఒకటి ఎక్కువ నవ్విస్తుంది, ఇంకొకటి ఎక్కువ ఊపుతుంది. ఒకదాంట్లో ఏం జరిగినా రెండోదానికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం జాక్‌జాక్ శక్తుల రహస్యమే. చంటివాడికి పదికి పైగా శక్తులున్నాయని బాబ్‌కు తెలుస్తుంది. భార్య పని చెడగొట్టకూడదని ఆమెకు చెప్పడు, ఫోన్‌లో అంతా బాగానే ఉందంటాడు. అంటే మొదటి భాగంలోలాగే భర్త భార్య దగ్గర పెద్ద విషయం దాస్తున్నాడు, ఈసారి మంచి ఉద్దేశంతో. ఆ సీన్ చూడగానే నేను సీట్లో ముందుకు జరిగాను, ఇప్పుడు ఇది పేలుతుంది అనుకున్నాను. పేలదు. హెలెన్‌కు చివర్లో తెలుస్తుంది, ఆశ్చర్యపోతుంది, కథ ముందుకెళ్లిపోతుంది. మొదటి సినిమాను నడిపించిన మందుగుండే ఇక్కడ చేతిలో ఉంది, ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. రెండు పట్టాలూ అసలు కలవవని కాదు. క్లైమాక్స్‌లో పిల్లలు ముగ్గురూ ఓడ ఎక్కుతారు, వశీకరణ కళ్లజోడు పెట్టుకుని ఉన్న తల్లి మొహం మీద నుంచి దాన్ని జాక్‌జాక్ లాగేస్తాడు. అది ముచ్చటైన క్షణం. కానీ అంతకుముందు బాబ్ ఇంట్లో పడ్డ కష్టం అందుకు కారణం కాదు. అతను ఆ రోజుల్లో ఏమీ నేర్చుకోకపోయినా పిల్లలు వెళ్లేవాళ్లే, చంటివాడు లాగేవాడే. బాబ్ విషయానికొస్తే, భార్య ప్రమాదంలో ఉందని ఫోన్ రాగానే పరుగున వెళ్లి అతనూ వశమైపోతాడు. ఇంట్లో ఓపిక నేర్చుకున్న మనిషి బయట ఆ ఓపికతో చేసిన పని ఒక్కటి చూపించి ఉంటే చాలు, ఈ వెలితి సగం తగ్గిపోయేది.

వయొలెట్, టోనీల గొడవ మాత్రం చక్కగా ముడిపడింది. వయొలెట్‌ను ముసుగు లేకుండా చూశాడని టోనీ జ్ఞాపకాన్ని ప్రభుత్వ అధికారి తుడిచేస్తాడు, దాంతో ఆ పిల్ల ఎవరో కూడా ఆ అబ్బాయికి తెలియదు. ఆ సంగతి అధికారికి చెప్పింది తండ్రే. వయొలెట్ కోపంతో తన సూపర్‌సూటును సింక్ కింది మెషీన్‌లో వేసి నలిపేయాలని చూస్తుంది, పళ్లతో చించాలని చూస్తుంది. ఎడ్నా కుట్టిన బట్ట కదా, ఏమీ కాదు. నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. సూపర్‌హీరోతనం ఒక టీనేజ్ పిల్ల బతుకులో ఏం చెడగొడుతుందో ఇక్కడ కనిపిస్తుంది. తర్వాత నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డ బాబ్ కూతురి దగ్గర కూర్చుని క్షమాపణ అడిగే సీన్ ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టం. ఇద్దరూ గట్టిగా మాట్లాడరు, సంగీతం కూడా పక్కకు తప్పుకుంటుంది.

ఇప్పుడు మీరు నవ్విన సీన్ దగ్గరికి వద్దాం. జాక్‌జాక్‌కూ, రకూన్ అనే జంతువుకూ కొట్లాట. దాన్ని కామెడీ అని తేలిగ్గా తీసేయకండి, యానిమేషన్ నేర్చుకునేవాళ్లకు అది పాఠం. కథ చెబుతూ చెబుతూ తండ్రి నిద్రపోయాడు. టీవీలో పాత సినిమా, అందులో కళ్లకు నల్ల ముసుగు కట్టుకున్న దొంగ. చంటివాడు అది చూసి గాజు తలుపు వైపు తిరుగుతాడు. బయట చెత్తబుట్టలో వెతుక్కుంటున్న రకూన్ కళ్ల చుట్టూ సహజంగానే నల్ల పట్టీ ఉంటుంది. వాడి లెక్కలో అదీ దొంగే. తలుపు తీయకుండా అద్దంలోంచే బయటికి నడిచి వెళ్తాడు. ఇక్కడ ఒక్క మాట కూడా అవసరం రాలేదు. చంటివాడి బుర్రలో ఏం తిరిగిందో మూడు షాట్లలో మనకు పూర్తిగా అర్థమైంది.

ఆ తర్వాత ప్రతి శక్తీ ఎదుటివాడి ఎత్తుకు పైఎత్తుగా వస్తుంది. రకూన్ ఏదో ఒకటి చేస్తే దానికి జవాబుగా కళ్లలోంచి కిరణాలు, ఒంటికి మంటలు, ఒకడు పలువురవడం. శక్తుల జాబితా చదివినట్టు ఎక్కడా ఉండదు, నిజమైన కొట్లాటలా ఉంటుంది. రకూన్‌కు కూడా పౌరుషం ఉంది, వెనక్కి తగ్గదు. చప్పుడుకు లేచిన బాబ్ పరుగెత్తుకొస్తాడు, కొడుక్కి శక్తులున్నాయని చూసి పొంగిపోతాడు, మరుక్షణంలో ఇక తన గతేమిటో తడుతుంది. ఆనందం దిగులుగా మారడానికి ఎక్కువసేపు పట్టదు, ఆ టైమింగే బర్డ్ పనితనం. ఎడ్నా ఒక రాత్రి చంటివాణ్ని చూసుకోవడం దీనికి సరైన కొసరు. ఎడ్నాకు గొంతు ఇచ్చింది కూడా బర్డే. మొదట పిల్లల్ని తాకడానికే ఇష్టపడని ఆవిడ, వాడిలో వృత్తికి పనికొచ్చే సవాలు కనిపించగానే మారిపోతుంది. ఆవిడ మురిపెం కూడా పనిమంతురాలి మురిపెమే.

హెలెన్ వైపు చూస్తే రైలు వేట. కొత్త రైలు ప్రారంభోత్సవం రోజే వెనక్కి పరుగు తీస్తుంది. హెలెన్ బైకు మీద వెంటపడుతుంది. ఆ బైకు రెండు ముక్కలుగా విడిపోగలదు, మధ్యలో ఆవిడ శరీరమే సాగి రెండు చక్రాలనూ కలిపి ఉంచుతుంది. ఈ ఒక్క ఆలోచన నుంచి ఎన్ని పిల్లలు పెట్టించారో చూడండి: ముందు చక్రం ఒక ఎత్తులో, వెనక చక్రం ఇంకో ఎత్తులో, సందుల్లో, గోడల మీద. ఆవిడ ఏం చేయగలదో మనకు తెలుసు, సాగుతుంది, అంతే. తెలిసిన ఆ కొద్దిపాటి నియమంతో ఇన్ని ఉపాయాలు రావడం వల్లే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చివరికి తన శరీరాన్నే పారాచూట్‌లా చేసి రైలు ఆపుతుంది, పట్టాలు అయిపోయే అంచున. ఏ శక్తికి ఏ హద్దు ఉందో చెప్పకుండా వెలుగులు విరజిమ్మే సినిమాల్లో ఈ టెన్షన్ రాదు.

ఇంకో సంగతి. మొదటి భాగంలో హెలెన్ ఎక్కువసేపు సాహసం వద్దని ఆపే మనిషి. ఇక్కడ బైకు మీద ఆవిడ మొహంలో ఉన్న హుషారు, రాత్రి ఫోన్‌లో తను చేసింది చెబుతున్నప్పుడు ఆగని మాటలు, ఇవి మొదటి భాగంలో మనకు దొరకనివి. భార్య గెలుస్తుంటే పళ్లు బిగించి అభినందించే భర్త అవతలి వైపు. ఆ ఫోన్ సీన్ రాసినవాళ్లకు సంసారం తెలుసు. ఇంటిపని చేతకాని మగాడి జోకులు మాత్రం అరిగిపోయినవే అనే విమర్శతో నేను కొంతవరకు ఏకీభవిస్తాను. లెక్కల పుస్తకం ముందు బాబ్ తల పట్టుకునే చోట మాత్రం ఏ తల్లికైనా, ఏ తండ్రికైనా నవ్వు ఆగదు.

విలన్ గురించి ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు, స్క్రీన్‌స్లేవర్ వెనక ఉన్నది ఎవెలినే అని ముందే తెలిసిపోయిందని. నిజమే, ఆ గదిలో ఇంకెవరూ లేరు అనుమానించడానికి. నాకు అది పెద్ద లోటుగా అనిపించదు, విలన్ ముందే తెలిసిన గొప్ప సినిమాలు బోలెడు. నా బాధ వేరు. ఆవిడ వెనక ఉన్న ఆలోచన ఈ రెండు సినిమాల్లోకీ పదునైనది. డెవర్ తండ్రి ఇంట్లోకి దొంగలు చొరబడతారు. ఆయన సురక్షితమైన గదిలోకి పోకుండా, సూపర్‌హీరోలకు నేరుగా ఫోన్ చేస్తూ నిలబడిపోతాడు. అప్పటికే వాళ్ల మీద నిషేధం వచ్చింది, ఎవరూ ఎత్తరు. కాల్చి చంపేస్తారు. ఒకే చావు, ఇద్దరు బిడ్డలు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. సూపర్‌హీరోలు అందుబాటులో ఉంటే నాన్న బతికేవాడని విన్‌స్టన్, వాళ్లమీద ఆధారపడకుండా ఉంటే బతికేవాడని ఎవెలిన్. ఇంత మంచి సామగ్రి ఏ రచయితకైనా అరుదుగా దొరుకుతుంది.

స్క్రీన్‌స్లేవర్ గొంతుతో ఆవిడ చెప్పేది కూడా తీసిపారేయదగింది కాదు. జనం బతకడం మానేసి తెరల్లో చూస్తూ కూర్చుంటున్నారు, మాట్లాడటం బదులు మాటలు చూస్తున్నారు, ఆడటం బదులు ఆటలు చూస్తున్నారు అంటుంది. ఆ మాటలు వింటున్న మనం కూడా ఓ పెద్ద తెర ముందే కూర్చున్నాం. ఆ ధైర్యానికి మెచ్చుకోవాలి. ఆ తర్వాత సినిమా ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. హెలెన్ ఆవిడ కళ్లలోకి చూసి నీ మాట ఇక్కడ తప్పు అని చెప్పగలిగే సందర్భం రాదు, ఆవిడ చెప్పిందాంట్లో నిజమెంతో ఒప్పుకునే సందర్భమూ రాదు. అందరికీ కళ్లజోళ్లు తగిలించడం, అవి లాగేయడం, ఓడ ఆపడం, విమానంలో పట్టుకోవడం. వాదన మొదలైంది, తేలింది మాత్రం పిడిగుద్దులతో. తోబుట్టువులిద్దరూ ఎదురుపడే ఘట్టం కూడా కొద్ది క్షణాల్లో తేలిపోతుంది.

మొదటి భాగం విలన్ సిండ్రోమ్‌తో పోల్చండి. చిన్నప్పుడు మిస్టర్ ఇన్‌క్రెడిబుల్ వెంటపడి, ఛీ కొట్టించుకున్న అభిమాని వాడు. బాబ్ చేసిన చిన్న పని వాణ్ని తయారుచేసింది, వాడు ఎదురుపడితే బాబ్‌కు తన గతమే ఎదురుపడినట్టు. ఎవెలిన్‌కు హెలెన్ మీద సొంతంగా పగేమీ లేదు. ఇద్దరూ కూర్చుని తాగుతూ, ఒకరు కనిపెడితే ఇంకొకరు అమ్ముకుంటారని మాట్లాడుకునే సీన్ ఒకటుంది. అక్కడ నిజమైన స్నేహం మొలకెత్తింది. దాన్ని ఇంకో రెండు సీన్లు పెంచి ఉంటే తర్వాతి ద్రోహం గుచ్చుకునేది.

ఆఖరుకు ఏం మిగిలింది? సూపర్‌హీరోలు చట్టబద్ధమయ్యారు, కుటుంబం ఒక్కటిగా ఉంది, కారులో తర్వాతి పోరాటానికి బయల్దేరారు. మొదటి భాగం చివర్లో మనం వాళ్లను వదిలిపెట్టింది దాదాపు ఇక్కడే. మొదట్లో ఆ సంతోషాన్ని లాక్కుని, రెండు గంటలు తిప్పి, మళ్లీ అదే చేతికిచ్చారు. మీకు ఏమీ మిగల్లేదు అనిపించడానికి ఇదే అసలు కారణమని నా నమ్మకం. కుటుంబం మొదలైన చోటుకూ చేరిన చోటుకూ దూరం లేదు. అన్నట్టు, బ్యాంకు సొమ్ముతో పారిపోయిన అండర్‌మైనర్‌ను ఎవరూ పట్టుకోలేదు. ఆ ఊసే మళ్లీ రాదు.

ఇది ఎందుకిలా అయిందో బయటి నుంచి పూర్తిగా చెప్పలేం గానీ, ఒక్క విషయం అందరికీ తెలిసిందే. ఈ సినిమాను మొదట 2019 జూన్‌కు అనుకున్నారు, అదే పిక్సార్ స్టూడియో తీస్తున్న టాయ్ స్టోరీ 4ను 2018కి. 2016లో ఆ రెండు తేదీలనూ అటూ ఇటూ మార్చారు. అంటే ఇన్‌క్రెడిబుల్స్ జట్టుకు ఏడాది తగ్గింది. యానిమేషన్‌లో ఏడాది పోతే దెబ్బ తగిలేది బొమ్మలకు కాదు, వాటికి మనుషుల్ని పెంచి రాత్రీ పగలూ చేయించవచ్చు. దెబ్బ తగిలేది రీల్ చూసి, నచ్చక, చించేసి, మళ్లీ రాసుకునే దశకే. ఇంటి కథా విలన్ కథా కలిసేది సాధారణంగా అలాంటి మూడోసారో నాలుగోసారో చించినప్పుడు. ఈ సినిమాకు ఆ ఒక్క చుట్టు తక్కువైందని నా అంచనా.

రెండో కారణం కాలం. 2018 జూన్ 15న ఇది విడుదలయ్యేసరికి మార్వెల్ వాళ్ల సూపర్‌హీరో సినిమా ఇన్ఫినిటీ వార్ వచ్చి ఏడు వారాలైంది. సూపర్‌హీరోల వల్ల జరిగే విధ్వంసం, వాళ్ల మీద ప్రభుత్వ అదుపు అనే చర్చ 2016లోనే వాళ్ల సివిల్ వార్ సినిమాలో నడిచింది. 2004లో ఇన్‌క్రెడిబుల్స్ ఒక్కటే అడిగిన ప్రశ్నలు ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. దర్శకుడేమో పాత చోటనే, అదే నిమిషంలో మొదలుపెట్టాడు. డాష్‌కు మొదటిసారి గొంతు ఇచ్చిన అబ్బాయి పెద్దవాడైపోతే వేరే పిల్లవాణ్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. మొదటి భాగాన్ని పదేళ్ల వయసులో చూసినవాళ్లు ఉద్యోగాల్లో చేరిపోయారు. పాత్రలు మాత్రం అంగుళం పెరగలేదు.

బొమ్మ విషయంలో ఫిర్యాదు చేయడానికేమీ లేదు. మొదటి భాగం అచ్చంగా మనుషుల పాత్రలతోనే పిక్సార్ తీసిన మొదటి సినిమా. వయొలెట్ పొడవాటి జుట్టే అప్పట్లో వాళ్లకు చుక్కలు చూపించింది. రెండో భాగంలో ఆ బట్టలు, జుట్టు, గదుల్లో వెలుతురు చూస్తే బర్డ్ బుర్రలో 2004లోనే ఉన్న ప్రపంచం ఇప్పటికి తెర మీదికి వచ్చినట్టుంది. మైకేల్ జకీనో సంగీతం అదే జోరు.

డబ్బుల లెక్క చూసి సినిమా నచ్చిందనుకునేవాళ్లూ ఉంటారు. మొదటిది ప్రపంచవ్యాప్తంగా సుమారు 63 కోట్ల డాలర్లు తెస్తే రెండోది 124 కోట్ల డాలర్లు తెచ్చింది. పద్నాలుగేళ్లు ఎదురుచూసిన జనం వచ్చారని మాత్రమే అది చెబుతుంది. మొదటిది ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది, రెండోది నామినేషన్ దగ్గర ఆగి స్పైడర్‌మ్యాన్ ఇన్‌టు ది స్పైడర్‌వెర్స్‌కు వదులుకుంది. ఆ ఏడాది ఆ తీర్పు సరైనదే.

పిల్లల సంగతి. చూపించొచ్చు, ఒక జాగ్రత్తతో. స్క్రీన్‌స్లేవర్ సీన్లలో వెలుగు చాలా వేగంగా మిణుకుమిణుకుమంటుంది. ముఖ్యంగా హెలెన్ బోనులాంటి గదిలో పోరాడే సీన్. విడుదలప్పుడు మూర్ఛ ఉన్నవాళ్లు జాగ్రత్త అని థియేటర్లలో హెచ్చరికలు పెట్టారు. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే, వెలుగుకు తలనొప్పి వచ్చే అలవాటుంటే, ఆ భాగాలు దాటేయండి, కథ అర్థం కావడానికి ఇబ్బందేమీ ఉండదు. మిగతావాళ్లకు కూడా గదిలో లైటు వేసి ఉంచడం మంచిది. నిడివి 118 నిమిషాలు, ఐదేళ్ల లోపు పిల్లలు మధ్యలో కదిలిపోతారు. వశమైపోయిన మనుషుల శూన్యమైన కళ్లు కొందరు చిన్నపిల్లల్ని భయపెడతాయి. జాక్‌జాక్ వచ్చినప్పుడల్లా సర్దుకుంటారు. మొదటి భాగంలో చావు భయం ఇంతకన్నా ఎక్కువ. శత్రువులు పిల్లలని చూసి వదిలిపెట్టరని హెలెన్ ముక్కుసూటిగా చెప్పేస్తుంది. అది తట్టుకున్న పిల్లలకు ఇది ఏమంత కష్టం కాదు.

రెండూ ఒకే రోజు వరసగా మాత్రం చూపించకండి. వెంటవెంటనే చూస్తే ఇందాక నేను చెప్పిన తేడాలన్నీ ఎదురుగా కనిపిస్తాయి, రెండోది అన్యాయమైపోతుంది. మధ్యలో జాక్‌జాక్ అటాక్ అనే 2005 నాటి పొట్టి సినిమా వేయండి. మొదటి భాగం జరుగుతున్న రాత్రి చంటివాణ్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయి పడ్డ అవస్థ అది. దాంతో జాక్‌జాక్ సంగతి పిల్లలకు తెలుస్తుంది, తల్లిదండ్రులకు తెలియదు. ఆ గుట్టు తమ దగ్గరే ఉందన్న సరదాతో రకూన్ సీన్ చూస్తారు.

మూడో భాగం తీస్తున్నట్టు 2024 ఆగస్టులో డిస్నీ ప్రకటించింది. వాళ్లు ఈసారైనా కాలాన్ని కదిలిస్తే చాలని నా కోరిక. వయొలెట్ ఇల్లు వదిలే వయసుకు వచ్చి, జాక్‌జాక్ మాటలు నేర్చి, ఇంట్లో తనను ఎవరూ గెలవలేరని వాడికే తెలిసిపోతే, బాబ్, హెలెన్ ఏం చేస్తారు? దానికి బయటి నుంచి విలన్ కూడా అక్కర్లేదు.